అక్క కొలిచిన వాన

తిరువూరు,
20-4-1976

ఒరేయ్ రాయప్పా,

ఈస్టరు పాస్కా పండుగ బాగా జరిగింది. మీ బావ కొత్త చొక్కా తొడుక్కుని గుడికి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు కంచెకి తగిలించుకుని జానెడు చింపుకొచ్చారు. ఆయన చొక్కా మీద ఊరంతా తలా ఒక ముక్క అన్నారు. నువ్వూ ప్రేమావతీ వస్తారని రెండు కోళ్ళు అట్టేపెట్టాను. మీరు రాలేదు, కోళ్ళు బతికిపోయాయి.

సంగతేంటంటే, పోయిన మంగళవారం పంచాయతీ సమితి ఆఫీసులో రైతులకి మీటింగు పెట్టారు. వ్యవసాయం ఆఫీసరు లేచి, "హైదరాబాదు శాస్త్రజ్ఞులు పన్నెండేళ్ళ తిరువూరు వానల మీద పరిశోధన చేసి లండన్ పత్రికలో అచ్చు వేయించారు. జూన్ నడిమి వారంలో ఇక్కడ ఒక పెద్ద వాన తప్పక పడుతుందని తేల్చారు. కాబట్టి ఈ ఏడు జూన్ మొదటి వారంలోనే పొడి దుక్కిలో జొన్న విత్తెయ్యండి. ఆ వానకి మొలుస్తుంది. పదిహేను రోజులు కలిసొస్తుంది" అన్నాడట.

తిరువూరు వాన అంటే నా వానేరా! పన్నెండేళ్ళ కిందట మీ పరిశోధన సంస్థవాళ్ళే జీపులో వచ్చి మా బడి ఆవరణలో ఇనప గరాటు డబ్బా పాతారు కదా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి అందులో పడ్డ నీళ్ళు గాజు గ్లాసులో కొలిచి, నెలకో కార్డు నింపి పంపుతున్నది నేనే కదా. జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వెళ్ళి కొలిచాను. ఆ లెక్కలు లండన్ దాకా వెళ్ళాయంటే మొదట గర్వమే అనిపించింది, అబద్ధం ఎందుకూ. తర్వాతే ఎక్కడో గుచ్చుకుంది. జూన్ నడిమిలో ఏటా పెద్ద వానా? నేను బడి తెరిచే రోజుల్లో పిల్లలు దుమ్ములో ఆడుకోవడమే నాకు గుర్తు.

నువ్వు పనిచేసేది ఆ సంస్థ లైబ్రరీలోనే. ఆ పత్రిక ఒకసారి తీసి నాకు పంపు. చదివి భద్రంగా తిప్పి పంపిస్తాను.

వీరరాఘవయ్య గారు పన్నెండెకరాలకి విత్తనం కొనేశారు. ఆయనకేం, ఎండితే మళ్ళీ కొంటారు. బడి వెనక మాణిక్యమ్మకి రెండెకరాల మెట్ట, ఒక్క విత్తుకి సరిపడా గింజలు. భర్త పోయాక ఆ గింజలే ఆమెకి ఆధారం. అందుకే అడుగుతున్నాను.

అక్క జోజమ్మ


హైదరాబాదు,
27-4-1976

అక్కకి,

మీ కోళ్ళకి నా శుభాకాంక్షలు. సెలవు దొరకలేదు. ఎమర్జెన్సీ వచ్చాక మా ఆఫీసులో గడియారం కూడా భయపడి తిరుగుతోంది. పదిన్నరకి ఒక్క నిమిషం దాటితే రిజిస్టరు ఎత్తేస్తున్నారు.

నువ్వు అడిగిన పత్రిక ఉంది. కానీ అది బీరువాలో ఉంది, బీరువాకి తాళం ఉంది, తాళంచెవి లైబ్రేరియన్ గారి జేబులో ఉంది. సముద్రం దాటి వచ్చిన పత్రికలు శాస్త్రజ్ఞులకే ఇస్తారు. బయటివాళ్ళు చూడాలంటే డైరెక్టరు గారి సంతకం కావాలి. సంతకం కోసం దరఖాస్తు పెట్టడానికి శాస్త్రజ్ఞుడై ఉండాలి. నేను వాటి దుమ్ము దులుపుతాను, అంతే. ఇల్లు తుడిచే మనిషికి ఇనప్పెట్టె ఎంత దూరమో నాకూ ఆ బీరువా అంత దూరం.

అయినా నువ్వు ఎందుకు అడిగావో నాకు తెలియదనుకోకు. దులిపే వంకతో పేజీలు తిప్పి చూశాను. ఉంది అక్కా, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో తిరువూరు పక్కన నీ పేరు ఉంది, కృతజ్ఞతలే అయ్యుంటాయి! కాకపోతే "మిస్టర్ జోజప్ప" అని పడింది. నిన్ను మగవాణ్ణి చేసేశారు. నువ్వు బాధపడకు. పరిశోధన రాసింది డాక్టర్ ప్రమీలారాణి గారని, చిన్న వయసావిడ, మంచావిడే. ఆమెకి చెప్పి నీ పేరు సరిచేయించే పూచీ నాది. లండన్ లో నిన్ను మళ్ళీ ఆడదాన్ని చేయిస్తాను.

ప్రేమావతికి పచ్చకామెర్లు తగ్గాయి. పథ్యం మీద విసుగు మాత్రం తగ్గలేదు.

తమ్ముడు రాయప్ప


తిరువూరు,
3-5-1976

రాయప్పా,

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. నా పేరు కోసం ఎవరు ఏడ్చారురా? జోజప్ప అన్నా జోజమ్మ అన్నా డబ్బాలో నీళ్ళు అవే. నువ్వు ఎవరి దగ్గరికీ వెళ్ళకు. ఎవరితోనూ మాట్లాడకు. నాకు కావలసింది జూన్ నెల పట్టిక ఒక్కటే. ఏ ఏడు, ఏ తేదీన, ఎంత వాన. అంతే.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించే చోట నిన్ను పెట్టుకుని నా విస్తట్లో మెతుకు లేదు.

ఒక్కటి చెప్పు. నేను అగ్గిపెట్టె కొంటే దాని మీద పన్ను కాగితం అంటించి ఉంటుంది. అది చింపితే గానీ పుల్ల బయటికి రాదు. వీరరాఘవయ్య గారు శిస్తు కడుతున్నారు, మాణిక్యమ్మా కడుతోంది. ఆ డబ్బుతోనే మీ జీపు వచ్చింది, మీ డాక్టరమ్మకి జీతం వస్తోంది, నీకూ వస్తోంది. వాన దేవుడు ఊరికే కురిపించాడు. నేను ఊరికే కొలిచాను. ఇన్ని చేతుల మీదుగా తయారైన కాగితం మా ఊరి గురించి రాసిందే కదా, మా ఊరివాళ్ళు చూడటానికి డైరెక్టరు సంతకం ఎందుకు? పెళ్ళికూతురిని దాచిపెట్టి పెళ్ళి చేసినట్టుంది.

నువ్వు కాగితం మీద చూసి రాయి. దొంగతనం కాదు. నా చేతిరాత నేను తిరిగి అడుగుతున్నాను.

ఆవకాయ పెట్టాను. విజయవాడ వెళ్ళేవాళ్ళుంటే పంపిస్తాను. ప్రేమావతికి ఇప్పుడే కారం పెట్టకు. నువ్వు తినెయ్యకుండా జాడీకి గుడ్డ కట్టి ముడి మీద సంతకం పెట్టి పంపుతాను.

అక్క


హైదరాబాదు,
10-5-1976

అక్కా,

నీ ఉత్తరం రెండు రోజులు ముందొచ్చి ఉంటే బాగుండేది. అప్పటికే నేను డాక్టర్ గారి బల్ల మీద చీటీ పెట్టేశాను. "తిరువూరులో వాన కొలిచేది శ్రీ కాదు, శ్రీమతి. ఆమె మా అక్క" అని రాసి సంతకం కూడా చేశాను. ఆవిడ క్యాంపులో ఉన్నారు. నెల దాకా రారు. చీటీ మాత్రం హెడ్ క్లర్కు గారి కళ్ళబడింది.

"బీరువాలో పత్రిక చివరి పేజీలో ఏముందో నీకెలా తెలుసోయ్?" అన్నారు.

"దులుపుతుంటే కనపడిందండీ" అన్నాను.

"దుమ్ము పైన ఉంటుందా, లోపలి పేజీల్లో ఉంటుందా?" అన్నారు.

తల గోక్కున్నాను. ప్రస్తుతానికి అక్కడితో ఆగింది.

ఇంత జరిగాక ఊరుకుందామనే అనుకున్నాను. కానీ నీ అగ్గిపెట్టె మాట ప్రేమావతికి చదివి వినిపించడం నా పొరపాటు. అప్పట్నుంచి పొయ్యి వెలిగించినప్పుడల్లా ఆ కాగితం చింపి నా వైపు చూస్తోంది. అందుకని భోజనాల వేళ, లైబ్రేరియన్ గారు క్యారేజీ విప్పుకునే సమయం చూసుకుని, నాలుగు రోజులు కూర్చుని పట్టిక కాపీ చేశాను. నాకు ఇంగ్లీషు అక్షరాలే వచ్చు, అర్థాలు రావు. పట్టిక కింద ఉన్న నాలుగు వాక్యాలు ముగ్గు గీసినట్టు గీశాను. చుక్క ఎక్కడైనా తప్పితే నువ్వే సరిచూసుకో.

ఈ కవరులో అదే ఉంది. చదివి పొయ్యిలో పెట్టెయ్యి.

నీ తమ్ముడు


తిరువూరు,
16-5-1976

ఒరేయ్ నాయనా,

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. మీ బావ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

నీ ముగ్గులు బాగా కుదిరాయి. పట్టికలో ఏముందో విను. అరవై తొమ్మిది జూన్ పదహారున నలభై ఎనిమిది మిల్లీమీటర్లు. డెబ్భై జూన్ పదిహేనున డెబ్భై రెండు. డెబ్భై ఒకటి జూన్ పద్నాలుగున యాభై. ఇలా పన్నెండేళ్ళూ జూన్ నడిమిలో ఒక్క రోజున కుండపోత. ఆ తేదీలు ఎక్కడో చూశాననిపించింది. బీరువాలోంచి బడి హాజరుపట్టీలు తీశాను. రాయప్పా, వాన పడిన ప్రతి తేదీ మా బడి తెరిచిన తేదీయే! డెబ్భై ఒకటిలోనూ అంతే, డెబ్భై మూడులోనూ అంతే. వాన హాజరుపట్టీ చూసుకుని పడుతుందా?

ఇప్పుడు తెలిసిందా? ఏటా వేసవి సెలవులకి నేనూ మీ బావా ఏలూరు పెద్దమ్మాయి దగ్గరికి వెళ్తాం. బడికి తాళం. డబ్బా ఒక్కటే కాపలా. ఏప్రిల్ ఆఖరులో పడ్డ జల్లూ, మేలో గాలిదుమారంతో వచ్చిన వానా, జూన్ మొదట్లో తుంపరా అన్నీ డబ్బా లోపలి సీసాలో చేరి కూర్చుంటాయి. నేను వచ్చి బడి తెరిచిన రోజున మొత్తం కలిపి ఒక్కసారే కొలిచి కార్డు మీద వేస్తాను. కార్డు అడుగున "ఇవి సెలవులన్నిటి నీళ్ళు" అని తెలుగులో రాస్తాను కూడా. ఆ ముక్క ఎవరూ చూడలేదు. నలభై అయిదు రోజుల నీళ్ళు ఒక్క రోజు వాన అయిపోయాయి. లండన్ లో అచ్చయిన తిరువూరు పెద్ద వాన వాన కాదురా. అది నా ఏలూరు ప్రయాణం!

నవ్వు ఆగాక భయమేసింది. ఒకటి రెండేళ్ళు ఆ ముక్క రాయడం నేనే మరిచానేమో. సెలవుల్లో కొలిచే మనిషి ఉండడని మొదటే చెప్పాల్సింది కూడా నేనే.

వెంటనే సమితి ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసరు కుర్చీ చూపించి మర్యాదగానే విన్నాడు. విని, "టీచర్ గారూ, పరిశోధనలో వేసిన తేదీలు నా దగ్గరే లేవు. సర్క్యులరులో రెండు ముక్కలు వచ్చాయి, అంతే. మీకెలా తెలిశాయి?" అన్నాడు. నీ పేరు చెప్పలేను కదా. "పేపరు చూపించండి, పైకి రాస్తాను. ఊరికే అంటే లండన్ వాళ్ళని కాదని నేనేం రాయను?" అన్నాడు. ఆయన తప్పేముంది? ఆయనకీ ఆ పేపరు ఎవరూ చూపించలేదు.

మీ డాక్టరమ్మకే నేరుగా ఉత్తరం రాస్తాను. నీ ఊసు ఎత్తను. నీ కాగితం కోసం ఇన్నాళ్ళూ ఆగిపోయాను, ఈ ఏడు ఇక ఏలూరు వెళ్ళడం లేదు.

అక్క


హైదరాబాదు,
23-5-1976

అక్కా,

దండం పెడతాను, రాయొద్దు. నాకు మెమో వచ్చింది. "అటెండరు రాయప్ప పరిశోధన పత్రికలు అనుమతి లేకుండా చదివినట్టు తెలియవచ్చింది, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను" అని. ప్రేమావతి, నేనూ కూర్చుని జవాబు రాశాం. "నాకు ఇంగ్లీషు రాదు కావున నేను చదవలేదు, చూచితిని మాత్రమే" అని. అది చూసి హెడ్ క్లర్కు గారి మీసం కదిలింది. నవ్వో కోపమో తెలియలేదు.

ఇప్పుడు నీ ఉత్తరం వస్తే ఇద్దరం అక్కాతమ్ముళ్ళమని చీటీలో నేనే రాసి సంతకం పెట్టాను కాబట్టి తీగ లాగితే డొంకంతా కదులుతుంది. నా సంగతి అలా ఉంచు. తప్పు లెక్కలు పంపింది టీచరు అని నీ మీద పెడితే? ఇంకో పదేళ్ళ సర్వీసు ఉంది నీకు. పోనీలే అక్కా. వాన ఎప్పుడు పడుతుందో పైవాడికి తెలుసు. ఎవరి పొలం వాళ్ళ ఇష్టం. ఒక ఏడు ఎండితే వాళ్ళకే తెలుస్తుంది.

నువ్వు నా మీద కోపం తెచ్చుకున్నా సరే.

రాయప్ప

వదినగారికి ప్రేమావతి నమస్కారాలు. ఆయన పోస్టులో వెయ్యమని ఇచ్చిన ఉత్తరం విప్పి ఈ ముక్క చేర్చాను. "ఒక ఏడు ఎండితే" అని రాశారే, మాణిక్యమ్మ గారికి ఆ ఒక ఏడు ఎక్కడిది? మీరు రాయండి. ఉద్యోగం పోతే మా అన్నయ్య కొట్లో తూకం వేస్తారులెండి. కాకపోతే అక్కడ కూడా ఎవరో ఒకరికి అన్నీ చూపించేస్తారు.


తిరువూరు,
30-5-1976

రాయప్పా,

నీ మీద కోపం లేదు. భయపడేవాడు భయపడుతూనే నాలుగు రోజులు కూర్చుని కాపీ చేశాడే, అది చిన్న పనా?

ఉత్తరం మాత్రం ఇరవై ఏడునే రిజిస్టరు చేశాను. అందులో పరిశోధన చదివానని రాయలేదు. "మీటింగులో ఇలా చెప్పారని విన్నాను. నా కార్డుల్లో జూన్ లో పెద్ద అంకె ఉన్న తేదీలు సెలవులు ముగిసిన తేదీలు. ఆ నీళ్ళు ఒక్క రోజువి కావు. కొన్నేళ్ళు ఆ సంగతి రాయడం నేను మరిచి ఉండొచ్చు, ఆ తప్పు నాది. దయచేసి రైతులు విత్తే లోపల చూడండి. మీ పరిశోధన మా ఊళ్ళో ఒక్కరైనా చదివి ఉంటే ఇది ఏనాడో తెలిసేది" అని రాశాను. తెలుగులోనే రాశాను. ఇంగ్లీషులో రాస్తే తప్పు ఒప్పుకునేటప్పుడు వ్యాకరణం అడ్డొస్తుంది.

జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేకపోయాను. పేపరు చూపించలేకపోతే నేనే చెబుతాననుకున్నాను. నిన్న సాయంత్రం పంచాయతీ అరుగు మీద రైతులు కూడితే హాజరుపట్టీలు చంకన పెట్టుకుని వెళ్ళాను. అందరి ముందూ నిలబడి డబ్బా సంగతి, ఏలూరు సంగతి చెప్పాను. "ఆ పెద్ద వాన నా పొరపాటు. దాన్ని నమ్మి విత్తకండి" అన్నాను.

వీరరాఘవయ్య గారు తుండు దులిపి, "అమ్మా, మీరు వాన కొలిచేవారు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు. ఎవరి మాట వినమంటారు?" అన్నారు.

"వాళ్ళు నా కార్డు చూశారండీ. నేను ఆకాశం చూశాను" అన్నాను.

"మరి పన్నెండేళ్ళూ ఈ మాట చెప్పలేదేం?"

"మీకు ఏం చెప్పారో నాకు తెలిస్తే కదా చెప్పడానికి!"

అంతా ఘొల్లుమన్నారు. వెనక నుంచి ఎవరో "టీచరమ్మ ఏలూరు వెళ్తే తిరువూరులో వాన" అన్నారు. రేపటికి గంపలగూడెం దాకా పాకుతుంది ఆ మాట. పాకనీ.

మాణిక్యమ్మ మాత్రం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, "నేను ఆగుతాను టీచరమ్మా. కానీ ఆలస్యమై పంట తగ్గితే?" అంది. ఏం చెప్పాలి? "తగ్గొచ్చు మాణిక్యం, నాకూ తెలీదు. విత్తనం మాత్రం నీ ఇంట్లో ఉంటుంది" అన్నాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

వీరరాఘవయ్య గారు సగం విత్తి సగం ఆగుతారట.

అక్క


హైదరాబాదు,
9-6-1976

అక్కా,

కూర్చుని చదువు.

సోమవారం డాక్టర్ గారు క్యాంపు నుంచి వచ్చారు. పదకొండింటికి నన్ను గదికి పిలిచారు. బల్ల మీద ఒక పక్క నా చీటీ, ఒక పక్క నీ రిజిస్టరు ఉత్తరం.

"జోజమ్మ గారు మీ అక్కా?" అన్నారు.

"అవునండీ. ఉద్యోగం తీసేస్తే నాదే తీసెయ్యండి, ఆమెది వద్దు" అన్నాను. అలా ఎందుకన్నానో నాకే తెలియదు.

ఆవిడ లేచి, "ముందు రికార్డు గదికి పదండి" అన్నారు.

పన్నెండేళ్ళ కార్డులు, నలభై ఊళ్ళవి, మూటలు కట్టి అటక మీద ఉన్నాయి. నేను దింపాను. ఇద్దరం నేల మీద కూర్చుని తిరువూరు మూట విప్పాం. నీ చేతిరాత చూడగానే నాకు మన ఇల్లు గుర్తొచ్చింది. డాక్టర్ గారు జూన్ కార్డులు ఒక్కొక్కటే తీసి అడుగున చదివారు. "ఇవి సెలవులన్నిటి నీళ్ళు." "ఏలూరు నుండి వచ్చి కొలిచితిని, ఒక్క రోజువి కావు." "ఈ ఏడు సీసాలో కప్పపిల్ల ఉన్నది, తీసి కొలిచితిని." అక్కడ ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టారు. పన్నెండింట్లో తొమ్మిదింటి మీద రాశావు. మూడింటి మీద లేదు.

తర్వాత కార్డులు మళ్ళీ మూట కట్టారు. "నాకు అంకెలు టైపు చేసి ఇచ్చారు రాయప్పా. అడుగున రాసినవి టైపు చెయ్యలేదు. నేనూ కార్డులు చూపించమని అడగలేదు. ఇద్దరు ప్రొఫెసర్లు చదివారు, లండన్ లో ముగ్గురు చదివారు. ఎవరికీ తెలియలేదు. తెలిసేది మీ అక్కగారికి ఒక్కరికే. ఆమెకే పంపలేదు" అన్నారు.

ఆ మధ్యాహ్నమే మీ ఆఫీసరుకి టెలిగ్రాం వెళ్ళింది, పొడి విత్తు ఆపమని. నా మెమో సంగతీ ఆవిడే ఎత్తారు. లైబ్రేరియన్ గారితో, "చదవడం నేరమైతే ఇది లైబ్రరీ ఎందుకండీ, గోదాము అని బోర్డు పెట్టండి" అన్నారు. ఆయన మొహం మాడ్చుకున్నారు. కానీ హెడ్ క్లర్కు గారు ఈసారి మీసం కిందుగా నవ్వారు, నేను స్పష్టంగా చూశాను.

ఆవిడ ఈ నెలాఖరులో తిరువూరు వస్తారట. కోడి సంగతి చూడు.

రాయప్ప


తిరువూరు,
4-7-1976

రాయప్పా,

టెలిగ్రాం తొమ్మిదినే అందింది. వీరరాఘవయ్య గారు ఏడునే ఆరెకరాలు విత్తేశారు. పదకొండున చిన్న జల్లు పడింది. సరిగ్గా మోసపోయేంత. గింజ మొలకెత్తింది. తర్వాత పన్నెండు రోజులు నిప్పులు కురిసిన ఎండ. మొలకలన్నీ మాడిపోయాయి. పద్నాలుగున బడి తెరిచాను. డబ్బాలో ఏమీ లేదు, పిల్లల కాళ్ళ కింద దుమ్ము. ఈ ఏడు సెలవుల్లో ఒక్క రోజు వదలకుండా కొలిచాను కాబట్టి ఆ సున్నా నిజమైన సున్నా.

ఇరవై నాలుగున మొదలైంది అసలు వాన. రెండు రోజులు ఆగకుండా పడింది. మాణిక్యమ్మ తడిసిన నేల మీద అరక కట్టించి రెండెకరాలూ విత్తింది. ఇవాళ్టికి బెత్తెడు పచ్చగా ఉంది. పొద్దున బడికి వెళ్తుంటే గట్టు మీద నిలబడి చెయ్యూపింది.

మీ డాక్టరమ్మ ఇరవై తొమ్మిదిన ఎర్రబస్సులో దిగింది. చిన్న చేతిసంచీ, చెప్పుల నిండా బురద. నేనెవరో పెద్ద మనిషి వస్తుందనుకుని బడి ముందు సున్నం గీతలు గీయించాను! భోంచెయ్యమంటే ముందు డబ్బా చూపించమంది. మోకాళ్ళ మీద కూర్చుని చూసి, "దీనికి ఇంత దగ్గర్లో మీ బడి వంటగది పొగగొట్టం ఎప్పుడు కట్టారు?" అని ఇంకో తప్పు పట్టింది. నాకు బాగా నచ్చింది.

సాయంత్రం పంచాయతీ అరుగు మీద, తన పరిశోధన తెలుగులో రాసి సైక్లోస్టైల్ తీయించిన కాగితాలు పంచి, మొత్తం చదివి వినిపించింది. "ఇక్కడ నేను పొరబడ్డాను" అని ఆ పట్టిక మీద వేలు పెట్టి చెప్పింది. నేనూ లేచి, మూడేళ్ళు రాయడం మరిచింది నేనేనని చెప్పాను. కొత్తగా లెక్కవేస్తే తిరువూరు మెట్టకి నమ్మదగిన వాన జూన్ నాలుగో వారం నుంచి అట. ముసలివాళ్ళు తలలూపారు. "ఇది మా తాత చెప్పిందే" అన్నారు. ఆవిడ నొచ్చుకోలేదు. "మీ తాత చెప్పింది మిల్లీమీటర్లలో రాసుకున్నాం, అంతే" అంది.

వీరరాఘవయ్య గారు లేచారు. "సగం టీచరమ్మ మాట విన్నాను, సగం లండన్ మాట విన్నాను. లండన్ సగం ఎండింది" అన్నారు. అంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. డాక్టరమ్మా నవ్వలేదు. "దానికి నాదే బాధ్యతండీ" అని చేతులు జోడించింది. ఆయన అరుగు చూపించి, "కూర్చోండమ్మా. ఇంత దూరం వచ్చి తప్పు చెప్పిన ఆఫీసరుని నేను ఇంతవరకు చూడలేదు" అన్నారు.

అప్పుడు మాణిక్యమ్మ అడిగింది, "అమ్మా, ఇది రాసినప్పుడే మాకు ఒక్కసారి చదివి వినిపిస్తే సరిపోయేది కదా?"

డాక్టరమ్మ చేతిలో కాగితం మడిచి ఆమె వైపు తిరిగింది. "అవునమ్మా, సరిపోయేది" అంది.

ఆ తర్వాత జనం ఆమెని కదలనివ్వలేదు. నాలుగేళ్ళ కిందట వీరరాఘవయ్య గారి పొలంలో మట్టి తీసుకెళ్ళారట, ఏం తేలింది? నెమలి ఊళ్ళో బావినీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారట, వాటి సంగతేంటి? విస్సన్నపేట మామిడికి వచ్చిన తెగులు మీద రాసింది ఎక్కడ దొరుకుతుంది? పదిహేడు ప్రశ్నలు. అన్నీ రాసుకుంది. కోడికూర వడ్డించేసరికి చల్లారిపోయింది.

వచ్చే వేసవి నుంచి సెలవుల్లో కొలిచే పని మాణిక్యమ్మ తీసుకుంటానంది. అంకెలు నేర్పిస్తున్నాను. ఏడు అంకెని ఇంకా తిరగేసి రాస్తోంది.

అక్క జోజమ్మ


హైదరాబాదు,
14-11-1976

అక్కకి,

మాణిక్యమ్మ గారి జొన్న కోతకొచ్చిందని బావ రాసిన కార్డు అందింది. ప్రేమావతి ఆ కార్డు నా చేతిలోంచి లాక్కుని రెండుసార్లు చదివింది.

ఇక్కడి విశేషాలు. లండన్ పత్రికవాళ్ళు సవరణ వేస్తామని ఒప్పుకున్నారు. డాక్టర్ గారు తెలుగు కాగితం మిగతా ముప్పై తొమ్మిది ఊళ్ళలో వాన కొలిచేవాళ్ళకీ పంపారు. ఇరవై రెండు జవాబులు వచ్చాయి. ఒకాయన తన డబ్బా మీదికి చింతకొమ్మ పెరిగి ఆరేళ్ళయిందని ఒప్పుకున్నాడు. ఇంకొకరు గ్లాసు పగిలితే మందుల గ్లాసుతో కొలుస్తున్నారట. డాక్టర్ గారు తల పట్టుకుని, "రాయప్పా, ఇన్ని తప్పులు ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నాయి?" అన్నారు. మొహంలో మాత్రం సంతోషం ఉంది.

మీ ఊరి పదిహేడు ప్రశ్నలు డైరెక్టరు గారి దాకా వెళ్ళాయి. మూడు నెలలు ఫైలు నడిచింది. చివరికి ఆర్డరు వచ్చింది. సంస్థ డబ్బుతో జరిగిన పరిశోధనలన్నీ శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీలో ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఇంగ్లీషు రానివాళ్ళకి కుర్ర శాస్త్రజ్ఞుల్లో ఒకరు వంతుల వారీగా చదివి చెబుతారు. గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టారు. శనివారాలు డ్యూటీ నాదే, నేనే అడిగి వేయించుకున్నాను.

మొదటి శనివారం ఎవరూ రాలేదు. లైబ్రేరియన్ గారు గడియారం చూసి, "నేను చెప్పలేదూ" అన్నారు. రెండో శనివారమూ అంతే. నాకు దిగులేసింది.

నిన్న మూడో శనివారం. రెండింటికి ఒక పెద్దాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేవెళ్ళ వైపు నుంచి బస్సులో వచ్చాడట. చెప్పులు బయట విడిచి, "ఇది సర్కారు దఫ్తరేనా? మా అసొంటోళ్ళు లోపలికి రావొచ్చునా?" అన్నాడు.

"మీ కోసమే కూర్చున్నాం, రండి" అన్నాను.

ఆముదం చేలో గొంగళిపురుగు పడిందట. దాని మీద మావాళ్ళు రాసింది వెతికి బల్ల మీద పెట్టాం. శాస్త్రజ్ఞుడబ్బాయి చదివి చెబుతుంటే పెద్దాయన మధ్యలో ఆపి, "అది గట్ల గాదు బిడ్డా, పురుగు ముందు గట్టు మీది గడ్డిల పడతది" అన్నాడు. ఆ అబ్బాయి పెన్ను తీసి రాసుకున్నాడు. అయిదయినా ఇద్దరూ లేవలేదు. తాళం వెయ్యాలని లైబ్రేరియన్ గారు వచ్చి, కాసేపు నిలబడి విని, కుర్చీ లాక్కుని తానూ కూర్చున్నారు.

వెళ్ళేటప్పుడు పెద్దాయన నన్నడిగాడు, "మళ్ళ శనివారం గూడ తెరుస్తరా?"

"తెరుస్తాం."

"అయితే మా ఊరోళ్ళని గూడ తోలుకొస్త."

ఈ గదిలో ఉన్నవి పది కుర్చీలు, అక్కా. పొద్దున్నే వెళ్ళి ఇంకో ఇరవై కావాలని ఇండెంటు పెడతాను.

తమ్ముడు రాయప్ప